గంధకానికి కొసరు

ఒక మనిషి నమ్మకాన్ని, రెండు చక్రాలను, మా ఇంటి పెద్ద ఇనుప మూకుడును, నా పరువును ఒకే వారంలో నేను ఎలా తగలబెట్టానో ఇప్పుడు చెప్పబోతున్నాను. ఇందులో ఒక గుర్రం కూడా ఉంది. దానికేమీ కాలేదు. మూగజీవాల మీద జాలి ఉన్నవాళ్లు నిశ్చింతగా చదవవచ్చు. మనుషుల మీద జాలి ఉన్నవాళ్లు కొంచెం గుండె దిటవు చేసుకోండి.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. వరంగల్ చౌరస్తాకు దగ్గరలో మాకొక కిరాణా దుకాణం ఉండేది. నాయిన పోయాక అది నా మీద పడింది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఇల్లరికం వచ్చిన మా ఆయనది తూకం, నాది బేరం. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు "సేరు", మూడు "అద్దసేరు". మిగిలిన మాటలన్నీ ఇంటికి నేనే మాట్లాడిపెట్టేదాన్ని. దుకాణాల మధ్య పుట్టి పెరిగినదాన్ని కదా! పసితనంలో ఉగ్గు గిన్నె చూపించినా "ఇంతేనా?" అన్నట్టు ముఖం చిట్లించేదాన్నని మా అమ్మ చెప్పేది.

బేరంలో నాకొక సూత్రం ఉండేది. అమ్మేవాడు తన సరుకులో ఒక లోపం ఉందని ఒప్పుకుంటే, ఆ లోపం ఏమిటని అడగకూడదు. ధర తగ్గించమనాలి. లోపం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆ "తర్వాత" ఎలా ఉంటుందో చెప్పడానికే ఈ సొద అంతా.

సామేలు మామ టాంగా తోలేవాడు. నిజానికి వరసకు మామేమీ కాడు. ఆయన ఆదివారం చర్చికి పోయేవాడు, మేము శనివారం గుడికి పోయేవాళ్లం. మా నాయినతో ఇరవై ఏళ్లు ఒకే అగ్గిపుల్లతో బీడీలు ముట్టించుకున్నందువల్ల మామ అయ్యాడు. అటువంటి మామ ఒకరోజు దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు.

"ఏంది మామా, గుర్రం బాగనే ఉన్నదా?"

"గుర్రం బాగనే ఉన్నది బిడ్డా, నేనే బాగలేను. ప్రసూతి దవాఖాన డాక్టరమ్మ టాంగాను నెల జీతం మీద పెట్టుకుంటాంది. నెలలు నిండిన ఆడోళ్లను ఇండ్ల కాడికెల్లి తీసుకొచ్చుడు. నన్నే అడిగింది."

"మరి సంబురమే గదా!"

"రబ్బరు చక్రాలుండాల్నట. ఇనుప చక్రాల మీద కూసుంటే దవాఖాన దాక ఆగరట, నడిమిట్లనే కంటరట. నా చక్రాల రబ్బరు అరిగి ఏడాది దాటింది. ఉన్న రబ్బరంత లడాయికి పోయింది. సోమవారం టాంగా చూస్తనన్నది. లేకపోతే ఇంకొకన్ని పెట్టుకుంటదట." ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "స్టేషన్ కాడ సవారీల కోసం పోరగాండ్లతోని కొట్లాడే ఓపిక లేదు బిడ్డా ఇగ. ఈ నౌకరీ దొరికితే ముసలితనం ఎల్లిపోతది."

"ఫికర్ చెయ్యకు మామా. రబ్బరు నేను తెస్త."

"ఊరంత తిరిగిన."

"ఊరంత తిరిగినవు. నన్ను అడిగినవా?"

ఆ మాట అన్నప్పుడు నా నడుము మీద చేతులు ఎంత ఠీవిగా ఉన్నాయో ఇప్పుడు తలుచుకుంటే వాటిని నరుక్కోవాలనిపిస్తుంది.

రెండు రోజుల్లోనే తెచ్చాను కూడా. సికింద్రాబాదు వైపు నుంచి రైలు దిగిన ఒకాయన దగ్గర తాటిబెల్లం రంగులో, పొగ వాసన కొడుతూ, చుట్టలు చుట్టిన రబ్బరు పట్టాలున్నాయని తెలిసి స్టేషనుకు పరుగెత్తాను. ఆయన మర్యాదస్తుడు. ముందే చెప్పాడు.

"అమ్మా, ఇది పచ్చి రబ్బరు. చెట్టు పాలు గడ్డగట్టించి పొగ పెట్టిన్రు, గంతే. దీన్ని ఇంకా కార్ఖానాల వండాలె."

లోపం! నా కళ్లు మెరిశాయి.

"ఇంకా వండాల్నా? వండనిదానికి గంత ధర చెప్తానవేంది? సగం చెయ్యి."

"ధర కాదమ్మా, వండకుంటే ఇది పనికే రాదని చెప్తాన్న."

"పనికే రాదా? అయితే సగంల సగం చెయ్యి."

"నేను చెప్పేది జర ఇనమ్మా..."

"ఇంటాన్న. నువ్వే ఇంటలేవు."

ఒక ముక్కను పట్టుకుని లాగి చూశాను. మూరెడు ముక్క రెండు చేతులు చాచినంత సాగింది. మూర కొంటే బారెడు వస్తోంది, ఇంతకన్నా ఏం కావాలి? వదిలాక అది వెనక్కి వెళ్లిందా లేదా అని చూడలేదు. బట్టల కొట్టులో మూర వేసేటప్పుడు గుడ్డను సాగదీసే జాతి మాది. సాగిన సరుకు మళ్లీ ముడుచుకోవాలన్న ఆలోచన మాకెందుకు వస్తుంది? చివరికి ఒక మూట ఎండుమిరపకాయలకు, రెండు చింతపండు ముద్దలకు ఆ చుట్టలన్నీ కొట్టేశాను. పోతూ పోతూ ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. ఓడిపోయినవాడి చూపు అనుకున్నాను. అది జాలి.

గురువారం పొద్దున్నే సామేలు మామ, మా ఆయన కలిసి ఆ రబ్బరులో కొంత పట్టీలుగా కోసి, ఒకదాని మీద ఒకటి అంటించి, చక్రాల చుట్టూ తీగతో బిగించారు. చల్లని పూట టాంగా చౌరస్తా చుట్టూ ఒక్క చప్పుడు లేకుండా తిరిగింది. మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు మా నర్సయ్య బిడ్డవు కాదే, నర్సయ్యవే" అన్నాడు. మా నాయిన పేరు పెట్టి పొగిడితే నేను తల ఎంత ఎత్తానంటే, దుకాణం దూలానికి తగలనందుకు ఆశ్చర్యం.

అది వైశాఖం. మధ్యాహ్నం పన్నెండుకు టాంగా మా దుకాణం ముందు ఎండలో ఆగి ఉంది. గుర్రం మేత తింటోంది. చక్రాలు మాత్రం మెల్లగా కూర్చుంటున్నాయి. గుండ్రంగా ఉండవలసిన రబ్బరు నేల మీద అట్టులా పరుచుకుంది. మామ వచ్చి కళ్లెం లాగాడు. గుర్రం అడుగు వేసింది, టాంగా వేయలేదు. రెండోసారి అదిలించేసరికి నేలకూ చక్రానికీ మధ్య రబ్బరు వేడి వేడి పాకంలా తీగలు తీగలుగా సాగింది. ఆ తీగలకు గడ్డి, గులకరాళ్లు, ఎవరో పారేసిన మోదుగాకు విస్తరి, ఒక చెప్పు అంటుకున్నాయి.

జనం పోగయ్యారు. మన బజారులో జనం పోగవడానికి అంతకన్నా చిన్న కారణాలు కూడా చాలు.

"సామేలూ, చౌరస్తా ఊడుస్తానవా ఏంది?"

"ఆగు ఆగు, నా చెప్పు గుంజుకపోతానవు!"

"ఎవలు అమ్మిన్రే ఈ రబ్బరు?"

"ఇంకెవలు? సత్తెమ్మ!"

"అయితే చెప్పు కూడ ఆమె ఖాతాల పడ్డదనుకో, ఇగ రాదు."

నేను బెల్లం డబ్బా వెనక కూర్చుని, లేని చీమలను ఏరుతున్నాను.

ఆ గుంపులోనే జ్ఞానయ్య మాస్టరు ఉన్నాడు. హనుమకొండలో ఒక బడిలో సైన్సు చెప్పేవాడు; జీలకర్ర మాత్రం మా దగ్గరే కొనేవాడు. వంగి ఆ తీగలను వేలితో సాగదీసి, వాసన చూసి, నవ్వు ఆపుకుంటూ లోపలికి వచ్చాడు.

"సత్తెమ్మా, వండకుండ ఎక్కిచ్చినవు గదా?"

"అంటే నిజంగనే వండాల్నా సార్?"

"చూడు. రబ్బరు లోపల కంటికి కనపడని పొడుగు దారాలుంటయి. ముడుచుకొని, చిక్కుపడి ఉంటయి. లాగితే సాపుగ అయితయి, అందుకే సాగుతది. కానీ పచ్చి రబ్బరుల ఒక దారాన్ని ఇంకో దారం పట్టుకోని ఉండది. కొత్తవాడల జంపఖానా మగ్గాల కింద తెగిన నూలు కుప్ప ఉంటది చూడు, ఒక దిక్కు పట్టి లాగితే ఏమైతది?"

"జారి చేతుల పడ్తది."

"ఇదీ గంతే. ఎండ తగిల్తే ఇంకింత జారుతది. గంధకం పట్టిచ్చి వేడి చేసినమనుకో, గంధకం పోయి దారానికీ దారానికీ నడుమ అక్కడొకటి అక్కడొకటి ముడి వేస్తది. అప్పుడది కుప్ప కాదు, చేపల వల. గుంజితే సాగుతది, ఇడిస్తే ముడులు మళ్ల దగ్గరికి తెస్తయి."

"గంధకమా! మా దుకాణంల బస్తా ఉన్నది సార్!"

"బస్తా ఉన్నదని బస్తా వెయ్యకు తల్లీ. ముడులు ఎక్కువైతే దారం కదిలే జాగ ఉండది. సాగుడు బంద్. నీ నల్ల దువ్వెన లేదా, అదీ రబ్బరే. గంధకం దండిగ పెట్టి చేసిన్రు. మొదలు చిన్న ముక్క కరిగిన గంధకంల ముంచి అర్ధగంట ఉంచు. ఆదివారం పొద్దుగూకంగ నేను వచ్చి చూస్త. అప్పటిదాక చక్రాలకు ఎక్కియ్యకున్రి."

ఇంత విడమరిచి చెప్పాడు కదా, ఇందులో నా చెవిలోకి వెళ్లింది ఏమిటో చెప్పనా? "గంధకం ముడి వేస్తుంది." అంతే. మిగతాది జీలకర్ర పొట్లంతో పాటు ఆయనే తీసుకుపోయాడు.

శనివారం చిన్న ముక్క వండాను. నిజంగా అద్భుతం. అర్ధగంట తర్వాత తీసి, చల్లార్చి, లాగి వదిలితే ఫట్‌మని వచ్చి నా వేళ్ల మీద కొట్టింది. మా ఆయన కూడా లాగి చూసి "మంచిగున్నది" అన్నాడు. ఆ రోజుకు ఆయన మాటల కోటా పూర్తయింది.

అక్కడ ఆగి ఉంటే ఈ రాత ఉండేది కాదు. కానీ నేను దుకాణంలో పెరిగాను. తూకం వేశాక, పైన ఒక పిడికెడు వేయడాన్ని కొసరు అంటాం. కొసరు వేయని దుకాణానికి రెండోసారి ఎవరూ రారు. అర్ధగంటకే ఇంత గట్టిపడితే, పూటంతా ఉంచితే ఎంత గట్టిపడాలి? నాలుగు ముడుల చోట నలభై పడితే మామ చక్రం పదేళ్లు అరగదు కదా? గంధకం నాది, పొయ్యి నాది, ఇంకెవరిని అడగాలి? పరాయివాళ్లకే కొసరు వేసేదాన్ని, సామేలు మామకు వేయనా?

ఆదివారం పొద్దున పెద్ద మూకుట్లో గంధకం కరిగించి, కొత్తగా కోసిన పట్టీలన్నీ చుట్టలు చుట్టి ముంచాను. గంట గడిచింది. "ఇంకొంచెం." రెండు గంటలు. "ఇంకొంచెం." మంట కూడా కొసరి కొసరి పెంచాను. వాడకట్టు అంతా కుళ్లిన కోడిగుడ్ల కంపు. మా ఆయన ముక్కుకు పంచె అడ్డం పెట్టుకుని వంటింటి గడపలో నిలబడ్డాడు.

"ఇయ్యాల కూరేంది?"

"రబ్బరు."

ఆయన దుకాణానికి వెళ్లి అటుకులు తిన్నాడు.

మధ్యాహ్నం దాటాక పట్టకారుతో తీశాను; అప్పటికే మూకుడు అడుగును గంధకం తినేసింది. పట్టీలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వేడి మీద ఉన్నాయి కాబట్టి తోలు పట్టీల్లా చక్కగా వంగాయి. చర్చి నుంచి వచ్చిన సామేలు మామ వాటిని చూసి వెనకాముందాడాడు.

"మాస్టరు పొద్దుగూకంగ వచ్చి చూస్తనన్నడు గద బిడ్డా. ఆగుదమా?"

"చల్లారితే వంగయి మామా. వేడి మీదనే ఎక్కియ్యాలె. నా మీద నమ్మకం లేదా?"

"అయ్యో, నమ్మకం లేకేంది?"

మామ, మా ఆయన చేతులు కాల్చుకుంటూ వేడి వేడి పట్టీలను చక్రాలకు బిగించారు. చీకటి పడకముందే మామ టాంగాను ఇంటికి తోలుకుపోయాడు. తర్వాత జ్ఞానయ్య మాస్టరు వస్తే, "పని అయిపోయింది సార్" అని జీలకర్ర చేతిలో పెట్టి పంపించాను. ఈసారి జీలకర్రకు కూడా కొసరు వేశాను.

సోమవారం పొద్దున మెప్పు అందుకోవడానికి నేనూ టాంగా ఎక్కాను. దారిలో చక్రాలు టకటకమంటుంటే మామ నా వైపు చూశాడు. "కొత్తయి కదా మామా, అరిగితే మెత్తగయితయి" అన్నాను. అబద్ధమని నాకే తెలుసు. పొద్దున ఎక్కేముందు ఆ పట్టీని గోటితో నొక్కాను. గోరు విరిగింది.

డాక్టరమ్మ మెట్ల మీదే నిలబడి ఉంది. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చీరలో. ఒక చెంబు నిండా నీళ్లు తెప్పించింది.

"ఇది ఒళ్లో పెట్టుకొని ఎవరన్నా కూసోవాలె. దవాఖాన చుట్టు ఒక్క చక్కర్. చెంబు ఒలకకుంటే నౌకరీ సామేలుదే."

"నేను కూసుంట!" అన్నాను. నన్నెవరూ అడగలేదు.

డాక్టరమ్మ నా పక్కనే కూర్చుంది. టాంగా కదిలింది. మొదటి పది గజాల్లో చెంబులో సగం నీళ్లు నా చీర మీద పడ్డాయి. తర్వాతి పది గజాల్లో మిగతా సగం డాక్టరమ్మ చీర మీద పడ్డాయి. ఇనుప చక్రమైతే కనీసం పాతకాలపు చప్పుడు చేస్తుంది. ఇది రోకలితో పలకలు కొడుతున్నట్టు మోగుతోంది. దవాఖాన మూల తిరిగేచోట ఒక కంకర రాయి ఉంది. పెద్దదేమీ కాదు, నిమ్మకాయంత. దాని మీద చక్రం ఎక్కగానే ఫెటిల్లుమంది! నా నల్ల పట్టీ సంక్రాంతి పిండివంట సకినం విరిగినట్టు ముక్కలు ముక్కలై ఎగిరింది. ఒక ముక్క మామిడిపండ్ల గంపలో పడింది. ఒకటి గుర్రం చెవి పక్కనుంచి పోయింది. గుర్రం మా అందరిలోకీ తెలివైనది కాబట్టి ఆగిపోయింది.

డాక్టరమ్మ కిందికి దిగి ఒక ముక్క తీసి గోటితో కొట్టింది. టింగుమంది.

"సామేలూ, ఇదేం రబ్బరయ్యా? ఎవరు చేసిన్రు?"

నేను నోరు తెరవాలి. పుట్టిన నాటి నుంచి మూతపడని నోరది. ఆ క్షణంలో గంధకం పట్టించినట్టు బిగుసుకుపోయింది. ఒట్టి చెంబును ఒళ్లో పెట్టుకుని, చెంబు అడుగున ఏముందో చూస్తున్నాను.

సామేలు మామ నా వైపు చూడలేదు. "నాదే తప్పమ్మా. తెలవక చేసిన" అన్నాడు.

"నౌకరీ ఇంకొకరికి ఇస్త. ఏమనుకోకు."

తిరుగుదారిలో మామ టాంగా ఎక్కలేదు. గుర్రాన్ని పట్టుకుని నడిచాడు. నేను తడి చీరతో ఆయన వెనక నడిచాను. కొంతదూరం పోయాక ఆయనే అన్నాడు.

"ఏం గాదు బిడ్డా. నువ్వు నా మంచికే చేసినవు. చీర మార్చుకో, పడిశం పడ్తది."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు నేను ఎదురు తిట్టగలను. పడిశానికి ఏం జవాబు చెప్పాలి? అక్కడే నిలబడిపోయాను. తర్వాత వెనక్కి తిరిగి దవాఖానకు వెళ్లాను.

డాక్టరమ్మ పొడి చీర కట్టుకుని చేతులు కడుక్కుంటోంది.

"అమ్మా, ఆ రబ్బరు వండింది నేను. సామేలు మామ ఆగుదమంటే నేనే ఆగనియ్యలేదు."

"మరి ఇందాక నోరెందుకు లేవలేదు?"

"సిగ్గయింది."

"ఇప్పుడు సిగ్గయితలేదా?"

"ఇందాకటికంటె ఎక్కువయితాంది. అందుకే వచ్చిన."

ఆమె చేతులు తుడుచుకుంది. "సరే. ఒక్క వారం ఆగుత. వారంల మంచి రబ్బరుతోని వస్తే చూస్త."

నా మీద ఒట్టు, నేను కావాలని అనలేదు, నాలుక తనంతట తానే అనేసింది: "పది రోజులు చెయ్యున్రి అమ్మా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "బయటికి నడువు. వారమంటే వారమే."

జ్ఞానయ్య మాస్టరు ఇంటికి వెళ్లి జరిగినదంతా చెప్పుకున్నాను. ఆయన విరిగిన ముక్కను లోలకంలా ఊపుతూ, "ముడులే ముడులు! దారం పాపం తల కూడ తిప్పుకోలేదు" అని నవ్వి, తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపాడు. "మిగిలిన రబ్బరు తెప్పియ్యి. నీ తరాజు తెప్పియ్యి. నువ్వు మాత్రం రాకు."

వారం రోజులు నేను దుకాణంలో ఖైదీని. మాస్టరు ఇంట్లో మా ఆయన గంధకం మందులా తూచేవాడట. మామ పొత్రంతో రబ్బరులోకి నూరి పట్టించేవాడట. మాస్టరు గడియారం చూస్తూ కూర్చునేవాడట. రోజూ ముక్క తీసి, ఎండలో పెట్టి, నీళ్లలో ముంచి, లాగి, వదిలి చూసేవారట. మా ఆయన ఇంటికొచ్చి చెప్పేది మాత్రం ఒకటే: "అయితాంది." నేను ఆ ఒక్క మాట పట్టుకుని రాత్రంతా అటూ ఇటూ పొర్లేదాన్ని.

వాయిదా నాటి పొద్దున టాంగా దవాఖాన ముందు ఆగింది. ఈసారి నేను ఎక్కలేదు. చింతచెట్టు వెనక నిలబడి చూస్తున్నాను. చక్రాలు బూడిద రంగులో, నిమ్మళంగా ఉన్నాయి. డాక్టరమ్మ వంగి బొటనవేలితో నొక్కింది. రబ్బరు లోపలికి దిగింది. వేలు తీసింది. మళ్లీ పైకి లేచింది. అయినా ఆమె ముఖంలో అనుమానం పోలేదు. మొన్న తడిసింది ఆమె చీర కదా.

"చూస్తే మంచిగనే ఉన్నది సామేలూ. కానీ మొన్నటిది కూడ చూస్తే నిగనిగలాడింది. దీనికి పూచీ ఏంది?"

సామేలు మామ తువ్వాల తీసి భుజం మీద వేసుకున్నాడు. చెట్టు వెనక ఉన్న నన్ను చూశాడో లేదో తెలియదు. గొంతు మాత్రం నాకు వినపడేంత పెద్దగా ఉంది.

"యేసయ్య సాక్షి చెప్తాన్నమ్మా. మా సత్తెమ్మ దీన్ని చేతితోని ముట్టలేదు."

"నిజమేనా?"

"కంటితోని కూడ చూడలేదు."

"అయితే పోదాం పా," అని డాక్టరమ్మ టాంగా ఎక్కి కూర్చుంది.

టాంగా చప్పుడు లేకుండా మూల తిరిగి కనుమరుగైంది. మామకు నౌకరీ దొరికింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊళ్లో ఎవరు ఏ వస్తువు అమ్ముకోవలసి వచ్చినా, "ఇది సత్తెమ్మ ముట్టనిది" అని చెప్పుకున్నారు. సరుకుకు నా పేరు పనికి వచ్చిన సందర్భం నా వ్యాపార జీవితంలో అదొక్కటే.

కాబట్టి, చదువుతున్న పెద్దలందరి ముందు, ఇంటి దేవుడి ముందు, అడుగు పోయిన మా మూకుడు ముందు చేతులు జోడించి ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా రబ్బరు అన్నదాన్ని కొనను, కోయను, వండను. జడకు కట్టుకునే రబ్బరు తెగినా సరే, పక్కింటావిడను పిలిచి ఆమె చేతనే కట్టించుకుంటాను. ఆమె "కొంచెం గట్టిగ కట్టాల్నా?" అని అడిగితే మాత్రం నోరెత్తను; తూకం తెలిసిన మా ఆయన వైపు చూపిస్తాను.